వజహ్ రాసే జాగా లేదు

"బేటా, ఇందులో నా పేరొక్కటే ఎర్రగా ఎందుకుంది?"

సైటు ఆఫీసు తలుపుకు అంటించిన కాగితం మీద వేలు పెట్టి సెంట్రింగ్ మేస్త్రీ చాచా అడిగిన మాట ఇది. 2025 రంజాన్‌లో సంగతి. జొహర్ నమాజుకు ఇంకా అరగంట ఉంది. ఎండ అప్పటికే మండిపోతోంది. ఆయన రోజాతో ఉన్నాడు, నేనూ రోజాతోనే ఉన్నాను. చాచాకు చదువు రాదు. చెక్కుల మీద చూసి చూసి తన పేరును మాత్రం ఇంగ్లీషులో పోల్చుకుంటాడు. ఇక రంగులంటారా, వాటికి చదువెందుకు? ఎరుపంటే ఏమిటో అందరికీ తెలుసు.

"కంప్యూటర్ అట్లా చూపిస్తోంది చాచా" అన్నాను.

అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ఆయన ఇంకేమీ అడగలేదు. భుజం మీది రుమాలుతో మొహం తుడుచుకుని వుజూ చేయడానికి డ్రమ్ము దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ "అట్లా చూపిస్తోంది" అన్న నా మాటే నన్ను ఇన్నాళ్లూ పొడుస్తోంది. అందుకే ఈ రాత.

మా సైటు పెద్ద అంబర్‌పేట్‌లో ఉంది. విజయవాడ రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు కలిసేది అక్కడే. సంక్రాంతికి ఊళ్లకు పోయే కార్ల బారు టీవీలో చూపిస్తారే, ఆ వైపే. హయత్‌నగర్ దాటితే పొలాలే ఉండేవని మా అబ్బా చెప్పేవారు. ఇప్పుడు ఎటు చూసినా స్లాబులు, జాకీలు, ఇసుక కుప్పలు. అలాంటి ఒక అపార్ట్‌మెంట్ పనిలో నేను లెక్కలు, షెడ్యూలు చూసే మనిషిని. ఇంజనీర్‌ని కాదు. ఎవరు ఎప్పుడు ఏ పని మొదలుపెట్టాలి, ఏది అయింది, ఏది కాలేదు, ఎవరికి ఎంత బిల్లు, ఈ హిసాబంతా నా జిమ్మేదారి.

ఇంతకుముందు ఈ హిసాబ్ అంతా పొడుగు నోటుబుక్కుల్లో ఉండేది. తర్వాత మా ఓనర్ సార్ ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. పేరు చెప్పను, పేరుతో పనిలేదు. ఇలాంటివి బజార్‌లో చాలా ఉన్నాయి, ఖసూర్ కూడా ఒక్కదానిది కాదు. ప్రాజెక్టును పనులుగా విడగొట్టి, ఒక్కో పనికి మొదలు తారీఖు, ఆఖరి తారీఖు, మనిషి పేరు పెడితే అది పొడుగు పట్టీలుగా చూపిస్తుంది. పని ఆఖరి తారీఖు దాటితే పట్టీ ఎర్రబడుతుంది.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఆ సాఫ్ట్‌వేర్ నాకు చాలా మేలు చేసింది. ఫోటోలు తారీఖుతో సహా దాచుకుంటుంది. "నేనెప్పుడు చెప్పాను" అని ఎవరూ మాట మార్చలేరు. కాగితాలు వానకు తడవవు. మొదటి రెండు నెలలు నేను దాన్ని అందరికీ తారీఫ్ చేసేవాణ్ణి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా లేనివి కనిపించడం మొదలైంది. ఉన్నవి మొదటి రోజే కనిపిస్తాయి. లేనివి మాత్రం అవసరం పడ్డ రోజున గాని తెలియవు.

మొదటిది, పేరు. మనిషిని చేర్చాలంటే ముందు పేరు, వెనుక పేరు, రెండు గళ్లూ నింపాల్సిందే. మన చాచాకు ఉన్నది ఒక్కటే పేరు, ముందు షేక్. షేక్ అన్నది మొదటి గడిలో వేస్తే రిపోర్టులో ముగ్గురు షేక్‌లు వచ్చారు. ఎవరు సెంట్రింగో, ఎవరు ప్లంబరో తెలియక ఓనర్ సార్ తికమకపడ్డారు. ఒక బిహారీ కుర్రాడికి అసలు ఒకే పేరు. అతనికి వెనుక గడిలో చుక్క పెట్టాను. ఇది చిన్న విషయమే అనుకునేవాణ్ణి. కానీ 2022 నవంబరులో పాస్‌పోర్టులో ఒకే పేరున్న వాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ అన్నప్పుడు మన ఇళ్లలో ఎంత హైరానా అయిందో గుర్తుందా? ఒక ఖాళీ గడి మనిషిని ఎయిర్‌పోర్టులో ఆపగలదు.

రెండోది, మన లిపి. తెలుగులో రాస్తే స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది. ప్రింటు తీస్తే డబ్బాలు, డబ్బాలు. ఉర్దూ సంగతి ఇక అడగొద్దు, అక్షరాలు విడివిడిగా, తలకిందులుగా వస్తాయి. అందుకే మేస్త్రీలు చదువుకోవాల్సిన కాగితం వాళ్లకు రాని భాషలో అంటిస్తున్నాం.

మూడోది, పండగ. సెలవుల పట్టికలో ఒక తారీఖు ఖచ్చితంగా ఇవ్వాలి. ఈద్ 31 మార్చినా, 1 ఏప్రిల్‌నా? చాంద్ కనిపించేదాకా ఎవరికి తెలుసు? "ఈ రెంటిలో ఒకటి" అని రాసే వీలు లేదు. ఇదేదో అసాధ్యమైన కోరిక అనుకోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్లు ప్రోగ్రామర్ల కోసం ఇచ్చిన హిజ్రీ క్యాలెండర్‌లో రోజును రెండు దాకా ముందుకో వెనక్కో జరుపుకునే సర్దుబాటు ఎప్పటినుంచో ఉంది. చాంద్ మనిషి కంటికి కనిపించాలని ఎవరో ఒక ఇంజనీర్‌కు తెలుసు, దానికి జాగా ఇచ్చాడు. మా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఆ ఫికర్ లేదు. 2025లో ఈద్, బిల్లుల సాల్ ముగిసే రోజు ఒకటే అయ్యాయి. ఆదివారం సాయంత్రం చాంద్ కనిపించింది. నేను మాత్రం అత్తరు వాసనతోనే ఫోన్‌లో సెలవు మార్చుకుంటూ కూర్చున్నాను.

నాలుగోదే అసలుది. ఇంతజార్.

కట్టడం పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. స్లాబు వేయాలంటే కింద జాకీలు నిలబెట్టి, పైన ప్లేట్లు పరుస్తారు. అదే సెంట్రింగ్. దాని మీద ఇనుము కట్టి కాంక్రీటు పోస్తారు. పోసిన మర్నాడే జాకీలు తీయకూడదు. కాంక్రీటుకు తన బరువు తానే మోసుకునే తాఖత్ రావాలి. దీనికి మన దేశంలో ఐఎస్ 456 అని ఒక ప్రమాణం ఉంది, 2000 సంవత్సరం నాటిది. మామూలు సిమెంటు వాడితే, స్లాబు దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే జాకీలు 7 రోజులు ఉంచాలి, అంతకు మించితే 14 రోజులు. ఈ రోజుల్లో ఎవరి పనీ ఉండదు, నీళ్లు పట్టేవాడిది తప్ప. కానీ కాంక్రీటు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, ఆదివారమూ, పండగా చూడకుండా.

మా మూడో స్లాబు ఫిబ్రవరి 27న పడింది. హాలు దూరం నాలుగున్నర మీటర్లకు ఎక్కువే. అంటే మార్చి 13 దాకా జాకీలు కదపకూడదు. నాలుగో అంతస్తు సెంట్రింగ్‌కు కావాల్సిన సామానంతా ఆ జాకీలే, ఆ ప్లేట్లే. ప్లాను వేసినవారు ఆఫీసులో కూర్చుని చాచా తర్వాతి పనికి మార్చి 7 తారీఖు ఇచ్చేశారు. "ఒక పని అయ్యాక ఇన్ని రోజులు ఆగి రెండోది మొదలుపెట్టు" అని రాసే ఆప్షన్ మేం కొన్న సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఇది కూడా కొత్త డిమాండేమీ కాదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ అనే పాత సాఫ్ట్‌వేర్ 1984 నుంచి ఉంది. అందులో పనుల మధ్య విరామం పెట్టుకోవచ్చు, సెలవులతో సంబంధం లేకుండా గడిచే రోజులను కూడా లెక్కించుకోవచ్చు.

మార్చి 7న చాచా పట్టీ ఎర్రబడింది. చాచా జాకీలు తీయలేదు. సైటు ఇంజనీర్ వద్దన్నాడు, ఆయనా వద్దనే అన్నాడు. నలభై ఏళ్లుగా చేస్తున్న పని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 13న తీయడం మొదలుపెట్టారు. 14న హోలీ, బిహారీ కుర్రాళ్లు రాలేదు. 15న నాలుగో అంతస్తు పని మొదలైంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో 8 రోజుల ఆలస్యం. ఇంకో తమాషా చూడండి. పనిరోజులు లెక్కపెట్టేటప్పుడు అది ఆదివారాన్ని వదిలేస్తుంది. ఆలస్యం లెక్కపెట్టేటప్పుడు ఆదివారాన్ని కూడా కలుపుకుంటుంది.

ఒక్కసారి ఆలోచించండి. చాచా ఖౌఫ్ లేకుండా మార్చి 6నే జాకీలు పీకేసి ఉంటే ఆయన పట్టీ పచ్చగా ఉండేది. కింద పనిచేసే పిల్లల నెత్తిన ఏం పడేదో ఆ అల్లాహ్‌కే తెలుసు. సరైన పని చేసినందుకు ఆయనకు ఎరుపు వచ్చింది.

"ఎందుకు ఆగింది" అని రాయడానికి ఆ తెర మీద ఎక్కడా గడి లేదు. "కాలేదు", "నడుస్తోంది", "అయింది" అని మూడే మూడు. నేను వెతికాను. కామెంట్ రాసుకోవచ్చు, రాశాను కూడా. కానీ వారం వారం ఓనర్ సార్‌కు వెళ్లే రిపోర్టులో కామెంట్లు రావు, రంగులే వస్తాయి. ఒప్పందంలో ఆలస్యానికి రోజుకు 1,500 కోత అని ఉంది. మార్చి 28న, జుమతుల్ విదా రోజున, చాచా బిల్లులో 12,000 తగ్గి వచ్చింది. కుర్రాళ్ల మజ్దూరీ ఆయన పూర్తిగానే ఇచ్చాడు. తన ఇంటికి తీసుకెళ్లాల్సిన దాంట్లోంచి ఇచ్చాడు.

ఆ రాత్రి తరావీహ్ తర్వాత ఇంట్లో ఈ మాట అమ్మీతో చెప్పాను. సాఫ్ట్‌వేర్‌ను బాగా తిట్టాను. అమ్మీ అంతా విని, "ఆ కాగితం తలుపుకు అంటించింది ఎవరు?" అంది.

"నేనే అమ్మీ."

"రిపోర్టు పంపింది?"

"నేనే."

"మరి నీ నోట్లో నాలుక లేదా? మిషిన్‌లో జాగా లేకపోతే నోటితో చెప్పొచ్చు కదరా."

చెమట ఆరకముందే కూలీ చేతిలో పెట్టాలన్న మాట మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి వింటూ పెరుగుతాం. నేను ఆ మాట విన్నవాణ్ణే. అయినా ఒక బటన్ నొక్కి, "సిస్టమ్ అలా చూపిస్తోంది" అని తప్పుకున్నాను. కొత్త జమానాలో తప్పించుకోవడానికి ఇంతకంటే సులువైన మాట లేదు. బ్యాంకులో వింటాం, రేషన్ దుకాణంలో వింటాం. ఆ రోజు నేనే అన్నాను.

మర్నాడు గేటు రిజిస్టరు, స్లాబు పోసిన రోజు తీసిన ఫోటోలు, ఇంజనీర్ రాసిచ్చిన కాగితం తీసుకుని ఓనర్ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు. పావుగంట విన్నారు. "ఈ సంగతి రిపోర్టులో ఎందుకు లేదు?" అని అడిగారు. "రాయడానికి జాగా లేదు సార్" అన్నాను. "అయితే ఫోన్ చేయాలి కదా" అన్నారు. అమ్మీ అన్నదే ఆయనా అన్నారు. తర్వాతి బిల్లులో 12,000 కలిపి ఇచ్చారు. కానీ అప్పటికి ఈద్ వెళ్లిపోయింది. పండగకు మనవరాలికి కొనాల్సిన గాజులు ఏప్రిల్‌లో కొంటే అవి మామూలు గాజులే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాశాను. విరామం పెట్టే ఆప్షన్ కావాలి, కారణం రాసే గడి కావాలి, అది రిపోర్టులో రావాలి అని. "మీ సూచనకు ధన్యవాదాలు, జాబితాలో చేర్చాం" అని జవాబు వచ్చింది. ఆ జాబితాలో ఎక్కువ ఓట్లు పడ్డవే ముందు చేస్తారట. ఓటు వేయాలంటే లాగిన్ ఉండాలి. ఓనర్ సార్‌కు ఉంది, నాకు ఉంది. చాచాకు లేదు, ఆయన కింద పనిచేసే పదకొండు మందికీ లేదు. డబ్బు కట్టేవాళ్లు అడిగింది అందులో ఉంటుంది. టైపు చేసేవాళ్లు అడిగింది ఎప్పటికో వస్తుంది. ఎవరి పసీనాను అది పట్టీలుగా గీసి చూపిస్తుందో వాళ్లు మాత్రం అందులో ఒక పేరు, ఒక రంగు. అంతే.

2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? మన తెలుగు అక్షరం ఒకటి, 'జ్ఞా' లాంటిది, మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. దునియా అంతా నవ్వుకుంది. ఆపిల్ వాళ్లు కొద్ది రోజుల్లోనే, అదే నెలలో, మరమ్మతు పంపారు. ఏదైనా విరిగితే అందరికీ చప్పుడు వినిపిస్తుంది, పరుగున వచ్చి బాగుచేస్తారు. అసలు లేనిదానికి చప్పుడే ఉండదు. అది లేక నష్టపోయినవాడు మూగగా సహిస్తాడు, సబర్ అనుకుంటాడు.

ఈ పట్టీల ఆలోచన కొత్తది కాదు. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీర్ 1910ల్లో ఇలాంటి పటాలకు పేరు తెచ్చాడు. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో లెక్కకట్టే పద్ధతిని 1957లో డ్యూపాంట్ కంపెనీలో తయారుచేశారు. కానీ నన్ను ఎక్కువగా పట్టేసినవి వేరే రెండు. ఒకటి జపాన్ టయోటా ఫ్యాక్టరీలో ఉండే తాడు. ఏదైనా తేడా కనిపిస్తే లైన్‌లో పనిచేసే మామూలు మజ్దూర్ ఆ తాడు లాగొచ్చు. పెద్దవాళ్లు వచ్చి చూస్తారు. అవసరమైతే లైనంతా ఆగుతుంది. రెండోది అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగరీ హోవెల్ అనే ఇద్దరు 1990లలో కట్టడం పనుల కోసమే తెచ్చిన పద్ధతి. పని చేయించే మేస్త్రీనే "ఈ వారం ఇంత చేయగలను" అని మాట ఇస్తాడు. వారం చివర ఎంత అయిందో చూస్తారు. కానిదానికి కారణం ఏమిటో తప్పకుండా రాసుకుంటారు. శిక్ష వేయడానికి కాదు, వచ్చే వారం అదే కారణం మళ్లీ అడ్డం రాకుండా చూడటానికి.

అంటే నేను అడిగిన గడి ముప్పై ఏళ్ల కిందటే ఎవరో ఆలోచించారు. మా దాకా రాలేదు, అంతే.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పి ముగిస్తాను. సాఫ్ట్‌వేర్‌లో క్యూరింగ్‌ను కూడా ఒక పనిగా చేర్చి, మనిషి పేరు దగ్గర "కాంక్రీట్" అని పెట్టాను. వెనుక పేరు గడిలో "సిమెంట్" అని రాశాను, ఖాళీ వదిలితే ఒప్పుకోదు కదా. 14 రోజుల్లో ఆదివారాలు ఎన్ని వస్తాయో చూసి చేత్తో సరిచేస్తాను. ఆలస్యమైన పనికి కారణాన్ని పని పేరులోనే రాస్తున్నాను. అప్పుడు రిపోర్టులో దాన్ని ఎవరూ దాచలేరు. ఇది జుగాడ్, నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పనిని నేను చేస్తున్నాను.

ఇంకొకటి, సైటు ఆఫీసులో మేకుకు దారంతో ఒక నోటుబుక్కు వేలాడదీశాను. అట్ట మీద పెద్దగా "వజహ్" అని రాశాను, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. పని ఆగితే ఎవరైనా వచ్చి చెప్పొచ్చు, రాయడం రానివాళ్లకు నేను రాస్తాను, వాళ్లు వేలిముద్ర వేస్తారు. సోమవారం పొద్దున ఓనర్ సార్‌కు రిపోర్టుతో పాటు ఆ పేజీ ఫోటో కూడా వెళుతుంది. "నీళ్ల ట్యాంకర్ రాలేదు." "లిఫ్టు గుంత దగ్గర కరెంటు లేదు." "ఇనుము లారీ ఆదివారం వచ్చింది, దింపేవాళ్లు లేరు." మొదటి నెలలోనే నీళ్ల ట్యాంకర్ పేరు ఆరుసార్లు వచ్చింది. ఇంతకాలం ఆ ఆరుసార్లూ ఎవరో ఒక మేస్త్రీ పేరు మీద ఎర్రగా పడింది.

మన ఇళ్లలో పిల్లలు చాలామంది ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రాస్తున్నారు. మాషా అల్లాహ్, సంతోషం. ఇఫ్తార్‌కో, ఆదివారం దావత్‌కో ఇంటికొచ్చినప్పుడు వాళ్లను ఒక్క మాట అడగండి. "బేటా, నువ్వు తయారుచేసేదాంట్లో పని చేసేవాడు తన మాట చెప్పుకోవడానికి జాగా ఉందా?" అని. వాళ్లు ఏ చాచా మొహమూ చూడకుండా ఆ గడులు గీస్తుంటారు. చూసిన మనమే చెప్పాలి.

నోటుబుక్కు కట్టిన రోజు చాచాను పిలిచి చూపించాను. మార్చి సంగతి ఎత్తి, "నా వల్లే మీకు నష్టమైంది చాచా, మాఫ్ చేయండి" అన్నాను. ఆయన పుస్తకం తిరగేసి చూశాడు. అన్నీ ఖాళీ పేజీలే.

"ముందు నీ పేరుతో ఒకటి రాయి" అన్నాడు. "రిపోర్టు పంపేముందు నన్నెందుకు అడగలేదో, దాని వజహ్ రాయి."

రాశాను. మొదటి పేజీలో ఉంది. కింద దస్తఖత్ నాదే.